ఊరి చెట్టూ ఊరి వాగూ: చింతూరు పంచాయతీ చేతిలో ఉన్న పని



మే 22 ప్రపంచ జీవవైవిధ్య దినం. 1992లో ఇదే తేదీన నైరోబీలో ప్రపంచ దేశాలు జీవవైవిధ్య ఒప్పందానికి తుదిరూపం ఇచ్చాయి. ఈ సందర్భంలో పులుల గురించి, ఏనుగుల గురించి, పెద్ద అడవుల గురించి మాట్లాడుకోవడం మామూలు. నేను మాత్రం ఊరి గురించి మాట్లాడతాను. బస్టాండు, సంత, ఆసుపత్రి, బడి, దుకాణాలు ఉన్న ఊరి నడుమ బతికే చెట్టూ చేమా, పిట్టా పురుగూ, వాటిని కాపాడవలసిన ఊరి పాలకవర్గమూ ఈ ప్రసంగానికి విషయం. ఆ ఊరు చింతూరు.

చింతూరు ఎక్కడుందో ఒకసారి మనసులో గీసుకోండి. రాజమహేంద్రవరం వైపు నుంచి మారేడుమిల్లి ఘాట్ దాటి వచ్చే రోడ్డు ఇక్కడికి చేరుతుంది. భద్రాచలం నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఇటుగానే కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి వెళుతుంది. ఒడిశాలోని మల్కనగిరి, మోటు మీదుగా వచ్చే 326వ నంబరు రహదారి ఇక్కడే ముగుస్తుంది. ఒడిశా కొండల్లో కొలాబ్ అనే పేరుతో పుట్టిన నది శబరిగా మారి, సీలేరును కలుపుకుని, చింతూరును ఒరుసుకుంటూ పోయి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. సోకిలేరు, చంద్రవంక, కుయిగూరు వాగులు కొండనీటిని దించుతాయి. ఆ కొండల అవతల, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన పాపికొండల అడవి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది.

నాలుగు రాష్ట్రాల దారులు కలిసే చోట ఊరు పెరగక మానదు. చింతూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది, ఏరియా ఆసుపత్రి ఉంది, డిగ్రీ కళాశాల ఉంది. లారీలు ఆగుతాయి, పర్యాటకులు దిగుతారు, కొత్త భవనాలు లేస్తాయి. చూస్తుండగానే ఇది పట్టణమవుతోంది. అయినా దీన్ని పాలించేది మునిసిపాలిటీ కాదు, గ్రామ పంచాయతీ.

దీనికి రాజ్యాంగంలోనే కారణం ఉంది. మునిసిపాలిటీలకు అధికారాలు ఇచ్చిన 74వ సవరణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదని 243 జెడ్‌సీ అధికరణం చెబుతుంది. పార్లమెంటు వేరే చట్టం చేస్తే తప్ప, ఏజెన్సీ అని పిలిచే ఈ షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఊరు ఎంత పెరిగినా ఆ సవరణ కింద అక్కడ మునిసిపాలిటీ పెట్టడానికి దారి లేదు. అందుకే పాడేరు, రంపచోడవరం, చింతూరు లాంటి ఊళ్లకు పట్టణం లక్షణాలు ఎన్ని వచ్చినా, అక్కడ కీలకమైనది గ్రామసభే. 1996లో వచ్చిన షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం, అంటే పెసా, ఆ గ్రామసభకు ఊరి ఉమ్మడి వనరులను కాపాడే హక్కు ఇచ్చింది. చిన్న నీటివనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని చెప్పింది. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, సంతల నిర్వహణ అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెప్పింది. వీటిని అమలు చేసే నియమాలు మన రాష్ట్రంలో 2011లో వచ్చాయి. చాలా నగరాల్లో వార్డు మనిషికి దొరకని మాట హక్కు చింతూరు గూడెం మనిషికి ఉంది.

ఇంకో చట్టం ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం, 41వ సెక్షన్. ప్రతి స్థానిక సంస్థ తన పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీని వేయాలి, ప్రజలతో కలిసి జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. ఈ సెక్షన్ హైదరాబాదు మహానగర పాలక సంస్థకు ఎంత వర్తిస్తుందో చింతూరు పంచాయతీకీ అంతే వర్తిస్తుంది. తేడా ఒక్కటే. హైదరాబాదు పోగొట్టుకున్నదాన్ని వెతుక్కుంటోంది. చింతూరు దగ్గర పోగొట్టుకోవడానికి ఇంకా చాలా మిగిలి ఉంది. మిగిలి ఉండగానే లెక్క రాసుకుని కాపాడుకోవడం చవక, సులువు, న్యాయం. ఈ పదిహేను నిమిషాల్లో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఊళ్లో జీవవైవిధ్యం ఏముంటుంది, అది అడవిలో ఉండేది కదా అని కొందరు అడుగుతారు. గబ్బిలం సంగతి చూద్దాం. ఇప్పచెట్టు రాత్రిపూట పూస్తుంది. తెల్లారేసరికి పూలు రాలుతాయి, ఇక్కడి కోయ, కొండరెడ్డి తెగల ఆడవాళ్లు తట్టలతో ఏరుకుంటారు. ఆ చెట్టు కాయ పట్టాలంటే పుప్పొడి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు చేరాలి. ఆ పని ఎక్కువగా చేసేది పండ్లు తినే గబ్బిలాలు. పగలు అవి వేలాడేది ఊళ్లోనో ఊరి అంచునో ఉన్న పెద్ద రావి, మర్రి, చింతచెట్ల మీద. బస్టాండు పక్కన ఉన్న ఒక ముసలి చెట్టును రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తే, ఆ నష్టం పది మైళ్ల అవతల కొండమీద ఇప్పపలుకు ఏరుకునే కుటుంబానికి తగలవచ్చు. ఊరూ అడవీ వేరు కావు. ఒకే ప్రాణి పగలు ఊళ్లో ఉంటుంది, రాత్రి అడవిలో పని చేస్తుంది.

తూనీగలు, కప్పలు, చిన్న చేపలు దోమపిల్లలను తింటాయి. ఏజెన్సీలో మలేరియా ఎంత మందిని మంచాన పడేసిందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. వాగు సహజంగా పారినంతకాలం తూనీగా కప్పా ఉంటాయి. వాగు మురుగు గుంటగా మారితే అవి పోతాయి, దోమ మాత్రం మిగులుతుంది. గుడ్లగూబ ధాన్యం కొట్ల చుట్టూ ఎలుకలను పడుతుంది. తేనెటీగ మామిడి పూతకూ, పెరట్లో ఆనప పాదుకూ పని చేసిపెడుతుంది. వీటిలో ఏదీ పంచాయతీ జీతపు పట్టీలో ఉండదు. పని మాత్రం ఊరికోసం చేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు హైదరాబాదు సంగతి చూద్దాం. ఆ నగరం చెరువుల మీద పెరిగింది. హుస్సేన్ సాగర్ నగరం కన్నా పాతది. 2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను కలుపుకుని మహానగర పాలక సంస్థ ఏర్పడింది. కలిసిన వాటిలో చాలా ఊళ్లు ఒకప్పుడు గ్రామ పంచాయతీలే. వాటికీ కుంటలుండేవి, రాళ్ల గుట్టలుండేవి, ఊరి చివర చింతతోపులుండేవి. ఊరు పెరిగేటప్పుడు ఏ కుంట ఎక్కడుందో, అందులో ఏ పక్షి వాలేదో రాసిపెట్టుకున్న పాలకవర్గాలు దాదాపు లేవు. రాసి లేనిదాన్ని పూడ్చడం తేలిక.

2012 అక్టోబరులో, మొదట్లో చెప్పిన జీవవైవిధ్య ఒప్పందపు పదకొండవ ప్రపంచ సదస్సు హైదరాబాదులో జరిగింది. ఆ సందర్భంగా పాలక సంస్థ నగర జీవవైవిధ్య సూచికను తయారు చేయించింది. ఈ సూచిక ఆలోచన సింగపూరుది. 2008లో ఆ దేశం ప్రతిపాదించిన పద్ధతిలో అప్పట్లో 23 అంశాల మీద నగరం తనకు తానే మార్కులు వేసుకునేది. స్థానిక మొక్కలు, పక్షులు, సీతాకోకచిలుకలు ఎన్ని, పచ్చని చోట్లు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా తెగిపోయాయా, వాన నీరు ఇంకే నేల ఎంత, పాలకవర్గం దీనికి బడ్జెట్లో ఎంత పెడుతోంది, ప్రజల పాత్ర ఎంత అన్నవి అందులో వస్తాయి. చివరి రెండు ప్రశ్నలు నాకు చాలా ముఖ్యమనిపిస్తాయి. పక్షులను లెక్కపెట్టి వదిలేయకుండా, వాటికోసం నువ్వేం చేశావని పాలకవర్గాన్నే అడిగే పద్ధతి ఇది.

ఆ తర్వాత నాలుగేళ్లకు, 2016లో, నగర శివారున ఉన్న అమీన్‌పూర్ చెరువును తెలంగాణ ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దేశంలో నగర ప్రాంతపు చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. రాజహంసలు వాలే చెరువు అది. గుర్తింపు వచ్చినా చుట్టూ ఇళ్ల ఒత్తిడి, మురుగునీటి బెడద తగ్గలేదు. 2024 జూలైలో హైడ్రా అనే ప్రత్యేక సంస్థను పెట్టి చెరువుల్లోని కట్టడాలను కూల్చవలసి వచ్చింది. ఇల్లు కట్టుకున్నవాడి కన్నీళ్లు, కోర్టు కేసులు, కోట్ల ఖర్చు అన్నీ చూశాం. మొదట్లోనే చెరువు హద్దు రాయి పాతి, పంచాయతీ పుస్తకంలో రాసి, గ్రామసభలో చదివి వినిపించి ఉంటే వీటిలో చాలా భాగం తప్పేది.

చెట్ల విషయంలోనూ పాఠాలున్నాయి. తెలుగు నేల మీది పట్టణాల్లో కొన్నేళ్లపాటు రోడ్ల నడుమ, పార్కుల్లో కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును వరసలు వరసలుగా నాటారు. తొందరగా పెరుగుతుంది, ఎండాకాలం కూడా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. పిట్టలూ దాన్ని పెద్దగా ముట్టవు. వేళ్లు పైపుల్లోకి, మురుగు కాల్వల్లోకి పోతున్నాయని, పుప్పొడి పడటం లేదని ఫిర్యాదులు వచ్చాక దాన్ని నాటడం ఆపమని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. నాటడానికి ఖర్చు, తీయడానికి మళ్లీ ఖర్చు.

విశాఖపట్నం నేర్పే పాఠం ఇంకొంచెం సూక్ష్మమైనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరంలో చెట్లను వేళ్లతో సహా పెళ్లగించింది. పచ్చదనం తిరిగి తేవాలన్న మంచి ఉద్దేశంతో విస్తారంగా మొక్కలు నాటారు. వాటిలో ఏడాకుల చెట్టు చాలా ఎక్కువ. అది మన దేశపు చెట్టే, మన ఆయుర్వేదానికి తెలిసిన చెట్టే. కానీ శీతాకాలం మొదట్లో అన్నీ ఒక్కసారి పూసేసరికి ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అంటూ జనం ఫిర్యాదు చేశారు. అడవిలో ఏడాకుల చెట్టు పది రకాల నడుమ ఒకటిగా ఉంటుంది. వీధిలో అదొక్కటే వరసకట్టి నిలిస్తే మంచి చెట్టు కూడా బరువవుతుంది. అందుకని నర్సరీలో ఏ మొక్క దొరికితే అది నాటడం కాకుండా, ఆ నేలలో ఏవేవి కలిసి పెరుగుతాయో తెలుసుకుని నాటాలి. చింతూరు నేలకు ఏవి సరిపోతాయో చెప్పగలిగిన పెద్దవాళ్లు గూడేల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను నర్సరీ దగ్గరకు పిలవడం పంచాయతీకి ఖర్చులేని పని.

పెద్ద నగరాల సంగతి సరే, పల్లెలు ఏం చేశాయి? గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువుల్లోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు గూళ్లు కడతాయి. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి నడుమ చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు పిల్లలను పెంచుకుంటాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అంతే. ఈ ఊళ్లలో రెట్టల వాసన భరించాలి, రాలిన చేపముక్కలు ఊడ్చుకోవాలి, చెట్టు కాయలు వదులుకోవాలి. అయినా జనం వాటిని వెళ్లగొట్టలేదు. పక్షులు వచ్చిన ఏడాది వానలు పడతాయన్న నమ్మకం పెద్దవాళ్లది. అటవీశాఖ, పక్షి ప్రేమికులు తర్వాత వచ్చారు. కాపలా ముందు నుంచీ ఊరిదే.

చింతూరు ప్రాంతానికి ఈ కాపలా కొత్త కాదు. కోయవారికి కొత్తల పండుగలున్నాయి. కొత్త పంటనైనా, కొత్త కాయనైనా ముందు వేల్పుకు పెట్టి, పండుగ చేసుకున్నాకే తింటారు. కాయ ముదిరి, గింజ పక్వానికి వచ్చేదాకా చెట్టు మీద చెయ్యి పడకుండా ఆగడం ఇందులో ఉంది. తొలకరికి ముందు విత్తనాల పండుగ ఉంది. వేల్పు కొలువున్న చోట చెట్టు కొట్టరు. ఇది ఊరి కట్టుబాటు. పటేలు, పూజారి, పెద్దలు కూర్చుని నిలబెట్టిన కట్టుబాటు. పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాల్లో ఆచారాలనూ ఉమ్మడి వనరులనూ ఒకే వాక్యంలో కలిపి చెప్పింది. ఈ నేల మీద అది సరిగ్గా సరిపోయే మాట.

అయితే ఊరు పట్టణమయ్యేకొద్దీ కట్టుబాటు ఒక్కటే చాలదు. కొత్తవాళ్లు వస్తారు. వాళ్లకు ఏ చెట్టు వేల్పుదో తెలియదు. కాంట్రాక్టరుకు తెలియదు, బదిలీ మీద వచ్చిన అధికారికి తెలియదు. అందుకే రిజిస్టరు కావాలి. తెలిసినవాళ్ల నోటిలో ఉన్నది తెలియనివాళ్ల బల్ల మీదకు రావాలి.

రిజిస్టర్ల కథ కొంత బాధ కలిగిస్తుంది. జీవవైవిధ్య చట్టం వచ్చి చాలా ఏళ్లు గడిచినా దేశంలో కమిటీలు అరకొరగానే ఏర్పడ్డాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు కేసు వెళ్లింది. 2020 జనవరి 31 లోగా అన్ని స్థానిక సంస్థల్లో కమిటీలు, రిజిస్టర్లు పూర్తి కావాలని, లేకపోతే రాష్ట్రాలు నెలకు పది లక్షల రూపాయల చొప్పున కట్టాలని ట్రిబ్యునల్ 2019 ఆగస్టులో చెప్పింది. దాంతో పని ఉరుకులు పరుగుల మీద సాగింది. ఇవాళ దేశంలో రెండున్నర లక్షలకు పైగా కమిటీలు కాగితం మీద ఉన్నాయి. గడువు తరుముకొచ్చినప్పుడు పక్క ఊరి జాబితానే ఈ ఊరికి ఎక్కించడం తేలిక. అలాంటి రిజిస్టరు బీరువాలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఈ రిజిస్టరు ఆలోచనను 1990ల్లో ముందుకు తెచ్చినవారిలో ముఖ్యుడు పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్. ఆయన పద్ధతిలో కళాశాల విద్యార్థులు, అధ్యాపకులు ఊళ్లలోకి వెళ్లి, పశువులు కాసేవాళ్లతో, చేపలు పట్టేవాళ్లతో, మందుమొక్కలు తెలిసినవాళ్లతో నడిచి, విని, రాశారు. చింతూరులో డిగ్రీ కళాశాల ఉంది. అందులో చదివే పిల్లల్లో ఎందరో ఈ గూడేల బిడ్డలే. వాళ్ల అవ్వకు తెలిసిన మొక్కను వాళ్లే గుర్తుపట్టి, కోయ మాటలో పేరు ముందు రాసి, తెలుగు పేరు పక్కన రాసి, శాస్త్రీయ నామం కళాశాలలో అడిగి చేర్చితే, అది చింతూరు రిజిస్టరు అవుతుంది.

అందులో ఏముండాలి? ఊరి పరిధిలోని ప్రతి పెద్ద చెట్టు, దాని చుట్టుకొలత, దాని మీద గూడు కట్టేది ఎవరు, వేలాడేది ఎవరు. ప్రతి వాగు, దాని పాత హద్దు, వరద ఎక్కడిదాకా వస్తుంది, ఎండాకాలం నీరు నిలిచే మడుగులు ఏవి. శబరిలో ఒకప్పుడు దొరికిన చేపలు ఏవి, ఇప్పుడు దొరికేవి ఏవి. సంతకు వచ్చే ఆకుకూరలు, దుంపలు, పుట్టగొడుగులు ఏ నెలలో ఏవి. సంత అంటే నడిచే జీవవైవిధ్య పుస్తకం. ఏడాది పొడుగునా ప్రతి వారం సంతలో ఏం అమ్ముతున్నారో రాసుకుంటే అడవి ఆరోగ్యం చాలావరకు తెలిసిపోతుంది. జీలుగు చెట్లు ఎన్ని ఉన్నాయి, పిలకలు వస్తున్నాయా అన్నదీ రాయాలి. కల్లు గీసేవాళ్ల కన్నా బాగా ఈ లెక్క చెప్పగలవారు లేరు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మందుమొక్క ఎక్కడ ఉందో, దాన్ని ఎలా వాడతారో అన్నీ రాసి అందరి ముందూ పెడితే ఎవరో వచ్చి పీక్కుపోవచ్చు. ఏది రాయాలి, ఏది రాయకూడదు, రాసినదాన్ని ఎవరు చూడవచ్చు అన్నది చెప్పినవాళ్లే, గ్రామసభే నిర్ణయించాలి. వ్యాపారం కోసం ఇక్కడి జీవవనరులను సేకరించే వారి నుంచి రుసుము వసూలు చేసే అధికారం జీవవైవిధ్య కమిటీకి 41వ సెక్షన్ ఇచ్చింది. ఆ డబ్బు స్థానిక జీవవైవిధ్య నిధిలోకి వస్తుంది. తన సొంత అవసరానికి, సొంత వైద్యానికి తెచ్చుకునే స్థానికుడిపై ఈ భారం ఉండదు. లారీలతో తోలుకుపోయేవాడు మాత్రం లెక్క చెప్పాలి. చాలా పంచాయతీలు వాడుకోని హక్కు ఇది.

రిజిస్టరు పూర్తయ్యాక దాన్ని వాడాలి. వాడటమంటే, పంచాయతీ తీర్మానం రాసే ప్రతిసారీ ఆ పుస్తకం బల్ల మీద ఉండాలి.

మొదట వాగుల సంగతి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. గోదావరి ఎగదన్నడంతో శబరి వెనక్కి పొంగి చింతూరు మునిగింది, రహదారులు తెగిపోయాయి. అలాంటి మహా వరదను ఏ పంచాయతీ ఆపలేదు. కానీ ప్రతి వానాకాలం వచ్చే మామూలు వరదను పెంచడమో తగ్గించడమో ఊరి చేతిలో ఉంది. వాగు ఒడ్డున వెదురు, కానుగ, మద్ది, నేరేడు ఉంటే వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, నీటి వేగం తగ్గుతుంది. చెట్లు తీసి, మట్టిపోసి, దుకాణం లేపితే నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ దారి ఎవరో ఒకరి ఇంట్లోంచే పోతుంది. కాబట్టి వాగుకు ఇరువైపులా ఇంత మేర ఏ కట్టడమూ రాకూడదని గ్రామసభ తీర్మానం చేయాలి. హద్దు రాళ్లు వేయాలి. వాగును సిమెంటు కాల్వగా మార్చే పని ప్రతిపాదన వచ్చినప్పుడు, మట్టిగట్టు ఉంచి, రాయి పేర్చి, చెట్టు పెంచే పద్ధతి చేయమని పంచాయతీ అడగాలి. సిమెంటు మీద కప్ప గుడ్డు పెట్టదు, నీరు కిందకు ఇంకదు.

రెండోది పెద్ద చెట్లు. 2002 నాటి వాల్టా చట్టం నీటినీ నేలనూ చెట్టునూ కలిపి చూసిన చట్టం. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని అది చెబుతుంది. ఆ అనుమతి మాట వచ్చినప్పుడు పంచాయతీ తన రిజిస్టరు చూపించి, ఈ చెట్టు మీద ఇన్ని గబ్బిలాలున్నాయి, దీన్ని తప్పించి రోడ్డు వంచండి అని రాతపూర్వకంగా చెప్పగలగాలి. ఉన్న చెట్ల మొదళ్ల చుట్టూ బిగించిన సిమెంటును ఒక్కో గజం మేర తీయించాలి. కొత్తగా నాటేటప్పుడు మర్రి, రావి, జువ్వి, మేడి తప్పకుండా ఉండాలి. మిగతా చెట్లకు కాయల్లేని నెలల్లో కూడా ఈ జాతి చెట్లు ఏదో ఒకటి పండుతూ ఉంటుంది, పిట్టలకూ గబ్బిలాలకూ కోతులకూ తిండి పెడుతుంది. తెలంగాణలో కోతులు ఊళ్ల మీద పడ్డాక వాటికోసం ప్రత్యేకంగా పండ్ల తోటలు పెంచవలసి వచ్చింది. చింతూరు ముందే పెంచుకోవచ్చు. ఇప్ప, పనస, నేరేడు, కుంకుడు, చింత మొక్కలు కొనవలసిన పని కూడా లేదు. ఊరి పిల్లలు గింజ తెస్తారు, మహిళా సంఘం నారు పెంచుతుంది.

మూడోది చెత్త. సంత ముగిశాక మిగిలే ప్లాస్టిక్ కవర్లు వాగులోకి, వాగు నుంచి శబరిలోకి, శబరి నుంచి గోదావరిలోకి పోతాయి. సంత నిర్వహణ అధికారం పెసా ప్రకారం పంచాయతీదే గనుక, సంత వేలం షరతుల్లోనే చెత్త ఎత్తే బాధ్యత రాయవచ్చు. అడ్డాకు విస్తరి కుట్టే చేతులు ఈ నేల మీదే ఉన్నాయి. సంతలో టిఫిను, కూర అమ్మేవాళ్లు ఆ ఆకులోనే ఇవ్వాలంటే ఆ చేతులకు పని దొరుకుతుంది. మిగిలిన తిండిని బయట పారేయకపోతే కుక్కలు, కోతులు, పందులు గుంపులు కట్టవు.

నాలుగోది వెలుతురు. నది వైపు, చెట్ల గుబుర్ల వైపు రాత్రంతా తెల్లని వెలుగు కుమ్మరిస్తే మిణుగురులు, రాత్రి పురుగులు, గబ్బిలాలు దారి తప్పుతాయి. వీధి దీపం వీధి మీదే పడేలా గొడుగు పెట్టడం చిన్న ఖర్చు. జనానికి వెలుగు తగ్గదు, నదికి చీకటి మిగులుతుంది.

ఇన్ని చెబుతుంటే, ఇళ్లు లేనివాళ్లకు ఇళ్లు కావద్దా, రోడ్లు వద్దా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రోడ్డు లేక డోలీలో గర్భిణిని మోసుకొచ్చే బాధ ఈ కొండలకు బాగా తెలుసు. రోడ్డు రావాలి, ఆసుపత్రి పెరగాలి. నేను అడిగేది, ఆ రోడ్డును ఎటు వంచాలో నిర్ణయించే రోజున వాగు గురించీ చెట్టు గురించీ తెలిసిన మనిషి ఆ బల్ల దగ్గర కూర్చోవాలని. నియమాల ప్రకారం జీవవైవిధ్య కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలుండాలి. దుంప ఎక్కడ దొరుకుతుందో, ఊట ఎప్పుడు ఎండుతుందో రోజూ చూసేది వాళ్లే. కమిటీలో పేరు రాసి వదిలేయకుండా, వాళ్లతో నిజంగా మాట్లాడించాలి.

చివరగా గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు సంగతి చెప్పకుండా ముగించలేను. ఆ జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. దాని ముంపులో చింతూరు, వీఆర్ పురం, కూనవరం, ఎటపాక మండలాల ఊళ్లున్నాయి. వెళ్లిపోయేవాళ్లకు వేరే చోట కాలనీలు కడుతున్నారు. ప్రతి కాలనీ ఒక కొత్త ఊరే. వరస ఇళ్లు, సిమెంటు రోడ్లు, ఖాళీ నేల. చెట్టు నీడ ఎరిగిన మనుషులను ఆ నేల మీద దించుతున్నారు. పరిహారం లెక్కలో ఇంటి గోడకు ధర ఉంది, పెరట్లో చెట్టుకు ధర ఉంది. ఊరందరిదీ అయిన వేల్పు చెట్టుకు, గబ్బిలాల మర్రికి, ఇప్పతోపుకు ధర కట్టగలవారు లేరు. కానీ విత్తనం తీసుకెళ్లవచ్చు. మునిగే ప్రతి ఊరికీ రిజిస్టరు ముందే పూర్తి చేసి, అందులో ఉన్న చెట్ల గింజలు సేకరించి, కొత్త కాలనీకి ఉమ్మడి నేల కేటాయించమని అడిగి, అక్కడ అవే జాతులు నాటాలి. రిజిస్టరు లేకపోతే ఏం పోయిందో కూడా తెలియకుండా పోతుంది. ముంపు ప్రాంతాల్లో ఈ పనికి గడువు నీటి మట్టం చేతిలో ఉంది.

కాబట్టి చింతూరు శ్రోతలకు, ఏజెన్సీలో పెరుగుతున్న ప్రతి ఊరి శ్రోతలకు నా విన్నపం. వచ్చే గ్రామసభకు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మన జీవవైవిధ్య కమిటీలో సభ్యులు ఎవరు? మన రిజిస్టరు ఎక్కడుంది, అందులో ఏముందో చదివి వినిపిస్తారా? మన వాగు హద్దు ఎక్కడిదాకా అని తీర్మానం రాస్తారా? ఈ ప్రశ్నలు అడిగే హక్కు మీకు చట్టం ఇచ్చింది. సమాధానం లేదన్నా కోపపడకండి, అప్పుడే, ఆ సభలోనే తేదీ పెట్టి పని మొదలుపెట్టించండి. సర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు కూడా ఒక మాట. మీ పదవీకాలంలో వేసిన రోడ్డు పదేళ్లకు గుంటలు పడుతుంది. మీరు ఇవాళ హద్దు రాయి వేసి కాపాడిన వాగు మాత్రం మీ మనవళ్ల కాలంలోనూ పారుతుంది. తొలకరి దగ్గర పడింది. గింజలు ఏరే కాలం ఇదే. ఈ వారమే మొదలుపెట్టండి.